ఇంటి పెద్దల జ్ఞాపకాలు రాయడం ఎలా: మాట నుంచి కాగితం దాకా సమగ్ర మార్గదర్శి

అమ్మమ్మ చెప్పే కబుర్లు రాసి పెట్టాలని చాలామందికి ఉంటుంది. పండక్కి వెళ్లినప్పుడు అనుకుంటారు, తిరుగు రైలెక్కాక మర్చిపోతారు. కూర్చుని రాసినవాళ్లు కూడా ఎక్కువమంది "మా తాతగారు ఎంతో కష్టపడి పైకొచ్చారు, అందరినీ ఆప్యాయంగా చూసేవారు" దగ్గర ఆగిపోతారు. ఆ వాక్యం ఏ ఇంటి తాతకైనా అతుకుతుంది, అందుకే అందులో మీ తాత కనపడరు. సైకిలు ఏ ఊళ్లో ఎంతకి కొన్నారు, చుట్ట ఎక్కడ దాచుకునేవారు, కోపం వస్తే కంచం ముందు నుంచి లేచిపోయేవారా, మాట్లాడకుండా తినేసేవారా? ఇవి రాస్తే కనపడతారు. ఈ చిన్న సంగతుల్ని రాబట్టడం, సరిచూడటం, చెడగొట్టకుండా రాయడం ఎలాగో ఇక్కడ వరసగా చెప్తున్నాం.

కావలసిన సామగ్రి తక్కువే: ఫోను, నోటుపుస్తకం, పెన్సిలు, టార్చిలైటు, వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా. 1200 నుంచి 1500 మాటల రచన ఒకటి రావాలంటే నలభై నిమిషాల చొప్పున నాలుగుసార్లు కూర్చోవాలి. ఉద్యోగం చేసుకుంటూ రాసేవాళ్లకు మొత్తం పని ఆరు వారాలు పడుతుంది.

1. ఒక్క మనిషి, ఒక్క సంగతి

వంశవృక్షంతో మొదలుపెట్టకండి. "మా ముత్తాతగారి తండ్రి ఫలానా ఊరి నుంచి వలస వచ్చారు" అనే మొదటి పేరా దగ్గరే సగంమంది చదవడం ఆపేస్తారు. రాసేవాళ్లు కూడా పేర్ల చిక్కులో పడి ముందుకు కదలరు. ఒక మనిషిని తీసుకోండి, ఆ మనిషి బతుకులో ఒక్క సంగతి తీసుకోండి. "పెళ్లి" చాలా పెద్దది, పెళ్లయ్యాక అత్తారింటికి వెళ్లిన బండి ప్రయాణం సరిపోతుంది. ఇంట్లోకి కరెంటు వచ్చిన రోజు, బడి మానేసిన రోజు, ఉమ్మడి కాపురం విడిపోయిన ఏడు, పట్నంలో మొదటి అద్దె గది, వేసవిలో ఊరగాయలు పెట్టడం ఇలాంటివన్నీ ఒక్కో రచనకు చాలు.

ఎవరితో మొదలు? మతిమరుపు మొదలైనవాళ్లతో ముందు, తర్వాత వయసు వరసలో.

వంశవృక్షం మీ నోటుపుస్తకంలో మాత్రం ఉండాలి. అందులో ఇంటి ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు తప్పకుండా రాయండి. రెండు తరాలు దాటితే చాలా ఇళ్లలో ముందు మాయమయ్యేవి ఇవే. వరస పక్కన పేరు కూడా వేసుకోండి. "చిన్నమ్మ" అంటే అమ్మ చెల్లెలా, బాబాయి భార్యా అనేది పదేళ్ల తర్వాత మీకే తెలియకుండా పోతుంది. మేనమామను చేసుకున్న ఇంట్లో అమ్మమ్మే అత్తగారు కూడా. అలాంటిచోట వరసలతోనే కథ నడిపితే చదివేవాళ్లకు దారి తప్పుతుంది.

2. రికార్డింగు: చోటు, వేళ, పక్కన ఎవరు

రికార్డు చేస్తున్నట్టు ముందే చెప్పండి. దొంగచాటుగా చేస్తే తర్వాత తెలిసి నొచ్చుకుంటారు, ఇక నోరు విప్పరు. సోఫాలో కూర్చోబెట్టి ఎదురుగా ఇంటర్వ్యూ పెట్టకండి. వాళ్లు రోజూ కూర్చునే చోటే మంచిది: అరుగు, వంటింటి గుమ్మం, పడక్కుర్చీ. చేతికి చిక్కుడుకాయలు ఈనెలు తీసే పనో, పూలు కట్టే పనో ఉంటే మాట ఇంకా బాగా సాగుతుంది.

ఫోన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తుండుగుడ్డ మీద, వాళ్ల నోటికి రెండు జానల దూరంలో ఉంచండి. గుడ్డ లేకపోతే బల్ల మీద గ్లాసు పెట్టిన చప్పుడు కూడా మాటను మింగేస్తుంది. ఫ్యాను గాలి ఫోను మీదికి సూటిగా రాకూడదు. విన్నప్పుడు హోరు తప్ప ఏమీ వినపడని రికార్డింగుల్లో చాలావాటికి కారణం సీలింగ్ ఫ్యానే. కుక్కరు కూతల వేళ, సీరియల్ వేళ వద్దు. టిఫినయ్యాక తొమ్మిదిన్నరకో, మధ్యాహ్నం కునుకు తీసి లేచాక నాలుగింటికో మొదలుపెట్టండి. ఒక చెవి సరిగా వినపడకపోతే, వినపడే చెవి వైపు కూర్చోండి.

మొదటి వాక్యంగా తేదీ, ఊరు, ఎవరెవరు ఉన్నారో మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరు తేదీతో మొదలవ్వాలి: "2026-01-16 అమ్మమ్మ 01". తేదీ ముందు ఉంటే ఫైళ్లు వాటంతటవే వరసలో కూర్చుంటాయి. గంట రికార్డింగు మామూలు నాణ్యతలో 60 ఎంబీ లోపే ఉంటుంది కాబట్టి చోటు కోసం ఏదీ చెరిపేయక్కర్లేదు.

పక్కన ఎవరుండాలన్నది చాలా ముఖ్యం. కోడలు ఎదుట అత్తగారు తన అత్తగారి గురించి నిజం చెప్పరు. కొడుకులందరూ చుట్టూ చేరితే వాళ్లే కథ చెప్పేస్తారు. అదే ఈడు మనిషి, చెల్లెలో పాత ఇరుగుపొరుగో, ఒక్కరుంటే మేలు. "కాదే, అప్పటికి ఆవు చచ్చిపోయింది" అని వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే మీరు అడగడానికి తోచని సంగతులు బయటికొస్తాయి.

విదేశాల్లో ఉన్నవాళ్లు వీడియో కాల్‌ని రికార్డు చేసుకుంటే నెట్టు తగ్గినప్పుడల్లా మాటలు తెగిపోతాయి. పెద్దవాళ్ల పక్కన ఇంకో ఫోను పెట్టి అక్కడే రికార్డు చేయించండి. ఇక్కడ పొద్దున్న ఏడు గంటలంటే డాలస్‌లో ముందురోజు రాత్రి, చలికాలం ఏడున్నర, ఎండాకాలం ఎనిమిదిన్నర. రెండువైపులా వీలుండే వేళ అది.

3. అడగడం

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. "చిన్నప్పుడు జీవితం ఎలా ఉండేది?" అంటే "బాగానే ఉండేదిలే" అని ఊరుకుంటారు. దాచి కాదు, అంత పెద్ద ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబుండదు. చేతికి, కంటికి, ముక్కుకి తగిలే ప్రశ్న వేయండి. పొద్దున్నే లేచి ముందు ఏ పని? తాగే నీళ్లు ఎక్కడివి, రోజుకు ఎన్ని బిందెలు, ఎవరు మోసేవాళ్లు? లాంతరు చిమ్నీ ఎవరు తుడిచేవాళ్లు, దేనితో? పాలు పిడకల దాలిలో ఎంతసేపు కాగేవి? పొట్టు పొయ్యిలో పొట్టు కూరేటప్పుడు మధ్యలో ఏం నిలబెట్టేవాళ్లు? అత్తారింట్లో మొదటి రోజు అన్నం ఎవరు వడ్డించారు, కంచంలో ఏముంది?

వీటన్నిటికంటే బాగా పనిచేసేది ఇంటి బొమ్మ. తెల్లకాగితం తీసుకుని ముందు తూర్పు ఎటో గుర్తు పెట్టండి. మన పెద్దలకు ఇల్లు దిక్కుల్లోనే గుర్తుంటుంది: తూర్పు వాకిలి, పడమటింట్లో గాదె, ఈశాన్యాన నుయ్యి. వాళ్లు చెప్తుంటే మీరు గీయండి. తప్పు గీస్తే వెంటనే "అక్కడ కాదు, దొడ్డి తలుపు పక్కన" అని దిద్దుతారు. గది గదికీ ఆగి ఇక్కడ ఎవరు పడుకునేవాళ్లు, ఈ తలుపు ఎప్పుడు మూసేవాళ్లు అని అడగండి. ముట్టు రోజుల్లో ఎక్కడ కూర్చునేవాళ్లు, పాలేరు ఎక్కడ తినేవాడు, ఎవరు ఏ గుమ్మం దాటి లోపలికి రాకూడదు అన్నవి మామూలుగా అడిగితే రావు, ఈ బొమ్మ మీద వస్తాయి.

జవాబయ్యాక వెంటనే మరో ప్రశ్న వేయకండి. మనసులో పది లెక్కపెట్టండి. అసలు మాట ఆ మౌనం తర్వాతే వస్తుంది. తేదీలు సరిదిద్దకండి, వాక్యం మీరు పూర్తి చేయకండి. రోజూ "నువ్వు" అనే అమ్మమ్మని ఆ పూట "మీరు" అని అడిగితే ఆమె కూడా సభలో మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

ప్రతి ఇంట్లోనూ వందసార్లు చెప్పిన కథలు రెండు మూడు ఉంటాయి. చెప్పీ చెప్పీ అవి అరిగి నున్నగా అయిపోయి ఉంటాయి. దాన్ని ఒకసారి పూర్తిగా చెప్పనిచ్చి, "దానికి ముందురోజు ఏం జరిగింది? అప్పుడు ఇంట్లో ఇంకెవరున్నారు?" అని అడగండి. ఆ కథ కొత్తగా తెరుచుకుంటుంది.

వంటలకు "తగినంత" తప్ప కొలత దొరకదు. అడిగి లాభం లేదు, తూచాలి. ఉప్పు డబ్బా, కారం డబ్బా, ఆవపిండి గిన్నె వంట ముందు విడివిడిగా కాటా మీద పెట్టి బరువు రాసుకోండి. వాళ్లని చేత్తోనే వేయనివ్వండి. అయ్యాక మళ్లీ తూచండి. తగ్గినదే వాళ్ల "తగినంత". రెండుసార్లు చేసి సగటు తీస్తే ఆ చేతి కొలత మీకు చిక్కినట్టే.

4. సామాన్లు, ఫోటోలు

అటకమీది సామాను దింపించండి. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు ఇచ్చిన ఇత్తడి, స్టీలు గిన్నెల మీద ఇచ్చినవాళ్ల పేరు, తేదీ చెక్కించడం మన అలవాటు. తోమీ తోమీ అరిగిన అక్షరాలు సూటి వెలుతురులో కనపడవు. గది చీకటి చేసి టార్చిలైటు గిన్నెకు పక్కనుంచి ఏటవాలుగా వేయండి. చుక్కలు చుక్కలుగా చెక్కిన గుంటల్లో నీడపడి పేరు చదవడానికొస్తుంది. ఇంకా అందకపోతే చిటికెడు బియ్యప్పిండి రుద్ది తుడిస్తే గుంటల్లో తెల్లగా నిలుస్తుంది. కాగితాలన్నీ పోయిన ఇళ్లలో కూడా ఒక పెళ్లి తేదీ చెంబు అడుగున దొరకవచ్చు.

పాత ఫోటో అద్దానికి అతుక్కుపోతే లాగొద్దు, పైపొర ఊడి ముఖాలు పోతాయి. అద్దంతోనే, కిటికీ పక్క నీడలో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయండి. విడిగా ఉన్న ఫోటోలను 600 డీపీఐలో స్కాన్ చేయండి. వెనక పేర్లు రాయడానికి మెత్తని పెన్సిలే వాడాలి. బాల్‌పెన్ను నొక్కు ముందువైపు తేలుతుంది, సిరా దిగుతుంది. బంధువులు వాట్సాప్‌లో పంపుతామంటే "డాక్యుమెంటు"గా పంపమనండి. మామూలుగా పంపితే సైజు కుదించుకుపోతుంది, మళ్లీ పెద్దది చేయలేం.

5. ఏ ఏడో తేల్చడం

పెద్దలు ఏడు చెప్పరు, గుర్తు చెప్తారు. ఆ గుర్తుల తేదీలు మీ దగ్గర ఉంటే చాలు. హైదరాబాద్ సంస్థానాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య 1948 సెప్టెంబరు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందని హడలిపోయింది 1979 జులై. వీధులన్నీ నిర్మానుష్యమైన సంపూర్ణ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16. కిలో రెండు రూపాయల బియ్యం 1983. ఊరి భూమి లెక్కలు రాసే కరణాల పదవి పోయింది 1984. గోదావరి పెద్ద వరద 1986 ఆగస్టు. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015లో, కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లో వచ్చాయి. "ఉప్పెనప్పుడు పెద్దాడు చంకలో ఉన్నాడు" అన్నారంటే పెద్దాడు పుట్టింది 1976 ప్రాంతమని తేలిపోతుంది.

శుభలేఖ మీద, జాతకం మీద తెలుగు సంవత్సరం ఉంటుంది. అరవై ఏళ్లకు అదే పేరు తిరిగొస్తుంది: ఖర 1951లోనూ 2011లోనూ వచ్చింది, ప్లవ 1961లోనూ 2021లోనూ. చాలామంది పొరబడేది ఇంకోచోట. తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కాబట్టి మాఘ, ఫాల్గుణ మాసాలు తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలో పడతాయి. ఖర నామ సంవత్సర మాఘమాసంలో పెళ్లి అంటే అది 1952. పాత భూమి కాగితాల్లో ఫసలీ (శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) ఉంటే 590 కలపండి: ఫసలీ 1370 అంటే 1960 జులై నుంచి 1961 జూన్ వరకు. నిజాం ఏలుబడిలోని కాగితాలకూ కలపాల్సింది 590యే, కాని అక్కడ ఏడాది మొదలయ్యే నెల వేరు. ఒక ఏడు అటూ ఇటూ వదిలి చూసుకోండి.

ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1, జులై 1 అని ఉంటే నమ్మకండి. వయసు మాత్రమే చెప్పినప్పుడో, బడిలో చేర్చినప్పుడు పంతులుగారో వేసిన తేదీ అయ్యుంటుంది. డబ్బు మాట కూడా జాగ్రత్త. రూపాయికి పదహారణాలు, బేడ అంటే రెండణాలు, పావలా అంటే నాలుగణాలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక కూడా పావలా మాట పోలేదు, పాతిక పైసలకి నిలిచిపోయింది. పావలా అన్నారని 1957కు ముందు సంగతి అనుకోకూడదు. కుంచం, మానిక, వీశె లాంటి పాత కొలతలను కిలోల్లోకి మార్చి రాయకండి. ఊరూరికీ కుంచం తేడా ఉండేది, మార్చిన లెక్క తప్పుతుంది.

అక్కచెల్లెళ్లు ఒకే సంగతి రెండు రకాలుగా చెప్తే ఎవరిది నిజమో తీర్పు చెప్పకండి. రెండూ రాయండి. ఎవరికి ఏది గుర్తుండిపోయిందన్నది కూడా కుటుంబ చరిత్రే.

6. విని రాసుకోవడం

గంట మాటను కాగితం మీద పెట్టడానికి అయిదారు గంటలు పడుతుంది. ఫోనులో గొంతుతో టైపు చేసే సదుపాయం పట్నం తెలుగును ఫర్వాలేదనిపించేలా రాస్తుంది, పెద్దవాళ్ల యాసను మాత్రం తనకు తెలిసిన మాటల్లోకి మార్చేస్తుంది. కాబట్టి మొత్తం ఒకసారి విని, నిమిషాల లెక్కతో సూచిక రాసుకోండి: "12:40 నూతిలో గిలక", "23:05 ఆడపడుచు కోపం". కావలసిన ముక్కలే ఉన్నదున్నట్టు దించండి. ఆ వారంలోనే చేయాలి. ఆలస్యమైతే ఆమె చేత్తో చూపించిన కొలత ఏదో, "ఇంత గిన్నె" అంటే ఎంతో మీకే గుర్తుండదు.

7. రాయడం

ఇంటి జ్ఞాపకాలను తెలుగులో నీరుగార్చేవి "ఉండేది, పెట్టేది, తినేవాళ్లం". ఈ క్రియలు ముప్పై ఏళ్లను కలిపి ఒక మబ్బు చేసేస్తాయి. చూడండి:

"అమ్మమ్మ ఏటా ఆవకాయ పెట్టేది. ఇల్లంతా సందడిగా ఉండేది. ఆ రుచి ఇప్పటికీ మర్చిపోలేం."

దీన్నే ఒక రోజుకు దించితే:

"ఆ ఏడు కాయ ఆలస్యంగా వచ్చింది. అమ్మమ్మ పెరట్లో గోనెపట్టా పరిచి, కత్తి ముందు కూర్చుని, టెంకతో సహా కాయ కాయనీ ముక్కలు కొట్టింది. జీడి తీసి, పొర ఒలిచి, పొడిగుడ్డతో తుడవడం పిల్లల పని. ముక్క నోట్లో వేసుకున్నవాణ్ని ఆమె ఏమీ అనలేదు. గిన్నెతో కొలిచాక మాత్రం, రెండు ముక్కలు తగ్గాయంది."

"పెట్టేది" పోయి "కొట్టింది, అనలేదు, అంది" వచ్చాయి. ఏటా జరిగేది చెప్పడానికి 1500 మాటల్లో రెండు చిన్న పేరాలు చాలు. ఆ తర్వాత "ఆ ఏడు", "ఆ రోజు" అని ఒక్క పూటలోకి దిగాలి.

గౌరవ వాచకం మొదట్లోనే తేల్చుకోండి. చాలా ఇళ్లలో తాతగారు "వచ్చారు", అమ్మమ్మ "వచ్చింది". మాటలో ఎవరికీ తట్టదు, అచ్చులో పక్కపక్కన పడితే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఇంట్లో అన్నట్టే రాయాలనుకుంటే అలాగే రాయండి, ఇద్దరికీ ఒకేలా రాయాలనుకుంటే అలా రాయండి. మధ్యలో మారిస్తే మాత్రం చదివేవాళ్లకు పంటికింద రాయిలా తగులుతుంది.

కథ నడిపే వాక్యాలు మీ భాషలో ఉండనివ్వండి. వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే ఉండాలి. "పోయినం" అన్న మాటను "వెళ్లాము" చేస్తే ఆ మనిషిని ఆ ఊరి నుంచి తీసేసినట్టే. కొత్తవాళ్లకు తెలియని మాట వస్తే పక్కన అర్థం రాయకుండా, వాక్యంతోనే అర్థమయ్యేలా చేయండి: "గాదె అడుగున చిన్న తలుపు లాగితే వడ్లు జలజలా కిందికి జారాయి." గాదె ఏమిటో ఎవరూ అడగరు.

మొదటి ప్రతి అయ్యాక "ఆప్యాయంగా", "అమాయకంగా", "మధురమైన", "ఆ రోజులే వేరు" ఎక్కడున్నా కొట్టేయండి. కొట్టేశాక ఆ ప్రేమ కనపడకపోతే అక్కడ ఒక పని గానీ ఒక మాట గానీ తక్కువైందని అర్థం. రికార్డింగులోకి తిరిగి వెళ్లి వెతకండి. "ఈ తరం పిల్లలకు ఇవన్నీ ఎలా తెలుస్తాయి" అనే చివరి పేరా దాదాపు అందరూ రాస్తారు, అది కూడా తీసేయండి. సంగతి ఎక్కడ అయిపోయిందో అక్కడే ఆపండి.

8. రాయొద్దన్నవి

"ఇది రాయకు" అన్నమాట రాయకండి. ఎంత బాగున్నా సరే. ఆ ముక్క ఉన్న రికార్డింగుకు వేరే గుర్తు పెట్టి, ఎవరికీ పంపకుండా విడిగా ఉంచండి. ఆస్తి పంపకాలు, రెండో పెళ్లిళ్లు, ఎవరి చావు ఎలా జరిగిందన్నవి బతికున్నవాళ్లకు తగిలే సంగతులు. సంబంధమున్న మనిషిని అడిగి, ఒప్పుకుంటే రాయండి. పేరు మారిస్తే ఊరు కూడా మార్చాలి, లేకపోతే చుట్టాలు ఇట్టే పట్టేస్తారు. పాత పగ తీర్చుకోవడానికి రాసిన పేరా వాసన వేస్తుంది.

ఇంటి పరువు కోసం కులం సంగతులు మింగేయడం మాత్రం తప్పు. ఎవరికి విడిగా గ్లాసు పెట్టేవారో, ఎవరు వాకిట్లోనే ఆగిపోయేవారో ఉన్నదున్నట్టు రాయండి. ఆ మనిషి పేరు మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుందేమో అడగండి.

9. చదివి వినిపించడం, దాచడం

అయ్యాక వాళ్లకు చదివి వినిపించండి. అప్పుడు కూడా రికార్డరు ఆన్‌లో ఉండాలి. దిద్దుబాట్లు చెప్తూ కొత్త సంగతులు చెప్తారు, తర్వాతి రచనకు సరుకు అక్కడే దొరుకుతుంది. వాళ్లు మార్చమన్నది మార్చండి, మొదటి ప్రతి కూడా తేదీతో దాచండి.

టైపు యూనికోడ్‌లోనే (ఏ ఫోనులోనైనా, కంప్యూటర్లోనైనా చదవడానికొచ్చే అక్షరాల్లో) చేయండి. డీటీపీ చేసేవాళ్లు పాత అనూ ఫాంట్లలోకి మారిస్తే ఒత్తులు, పొల్లులు చెడతాయి, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో చదవడానికే రాదు. మార్చక తప్పకపోతే అచ్చుకు ముందు ప్రతి పేజీ మీరే చదవాలి. రికార్డింగులు, స్కాన్లు, రాసినవి మూడుచోట్ల ఉంచండి: మీ కంప్యూటర్లో, క్లౌడ్‌లో, వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు ఇంట్లో హార్డ్‌డిస్కులో.

వాళ్లకిచ్చే ప్రతి మాత్రం కాగితం మీదే ఇవ్వండి. 18 పాయింట్ల అక్షరాలు, వరసల మధ్య ఒకటిన్నర ఎడం, ఒక్కవైపే అచ్చు, విప్పితే బల్లపరుపుగా ఉండే స్పైరల్ బైండింగు. కుడిపక్క రెండంగుళాల ఖాళీ వదిలి, ఆ పుస్తకంతో పాటు ఒక పెన్సిలు కూడా ఇవ్వండి.